గుమ్మాల్లో కూర్చున్నవాళ్లు

తలుపుల లారీ కొత్త ఫ్లాట్ల సైటు గేటు దాటి లోపలికొచ్చిందో లేదో, సూపర్‌వైజరు గదుల్లోంచి కూలీల గిన్నెలు, గుడ్డల మూటలు వానలోకి విసరడం మొదలుపెట్టాడు. చివరి గదిలో పచ్చి బాలింత పడుకొని ఉంది. "లేమ్మా, లే! తలుపులొచ్చాయి," అని గదమాయించాడు. ఆమె బిడ్డను కొంగులో చుట్టుకొని వచ్చి, ఇసుక గుట్ట పక్కన గోనెపట్టా కింద ముడుచుకుంది.

ఆమె అత్తను సైటులో అందరూ నీళ్లత్త అంటారు. కొత్త గోడ గట్టిపడాలంటే రోజూ తడపాలి. ఆ పని ఆమెది. కట్టేవాళ్లు, తడిపేవాళ్లు ఆ తలుపుల్లేని గదుల్లోనే కాపురముంటారు. తలుపులు వచ్చిన రోజున మూటాముల్లె సర్దుకుంటారు. ఈ ఆనవాయితీ ఎవడు పెట్టాడో ఎవరికీ తెలియదు, లాభం మాత్రం ఒక్కడికే. నీళ్లత్త కొడుకును కన్నది ఎవరిదో వంటగదిలో. మొగుడు కన్నుమూసింది ఎవరిదో పడగ్గదిలో. గడియ వేసుకొని పడుకున్న రాత్రి ఆమె బతుకులో ఒక్కటీ లేదు.

అప్పుడే ఫ్లాట్లు కొనేవాళ్లను వెంటేసుకొని ఆర్కిటెక్టు వచ్చాడు. గొడుగు కింద నిలబడి, "ఇల్లంటే నాలుగు గోడలు కాదండీ. ఇల్లంటే ఒక అనుభూతి," అంటున్నాడు.

నీళ్లత్తకు ఒళ్లు మండింది. "అయితే ఆ గోడలు మాకొదిలేసి, అనుభూతి మీరు పట్టుకుపోండి బాబూ!"

కూలీలు గొల్లున నవ్వారు. ఆర్కిటెక్టు విననట్టే ముందుకు నడిచాడు.

సిమెంటు కొట్లో అందరూ చేరారు. తాపీమేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. "నీళ్లలో ఉండి మొసలితో వైరమా అత్తా? రెండ్రోజులు ఎక్కడో తలదాచుకుంటే పోయేదానికి..."

"ఎక్కడ దాచుకోమంటావు? బిడ్డను నీ సిమెంటు తట్ట కింద పెట్టనా?"

వడ్రంగి లేచాడు. "తలుపులు బిగించేది నేనేగా. బిగించను పొమ్మంటా."

"నువ్వు కాకపోతే ఇంకొకణ్ణి తెస్తాడురా," అన్నాడు మేస్త్రీ.

"తేనీ," అంది నీళ్లత్త. "ఎవడొచ్చినా గుమ్మం ఖాళీగా ఉంటేనే కదా తలుపు పట్టేది? పోయి కూర్చుందాం. మనకూ తలుపున్న గదులు కట్టేదాకా లేవొద్దు. బిచ్చమడగట్లేదు. కట్టింది మనం, అడుగుతున్నాం."

మేస్త్రీ చేతిలోని తాపీ పక్కన పడేశాడు. అందరికంటే ముందు ఆయనే బయల్దేరాడు.

గుమ్మానికొకరు చొప్పున కూర్చున్నారు. బాలింత మళ్లీ లోపలికి వెళ్లి పడుకుంది. కబురందుకొని కంట్రాక్టరు పరుగున వచ్చాడు.

"అత్తా, నువ్వు నాకు తల్లిలాంటిదానివి. నా మాట విని లే."

"మీ అమ్మనూ వానలోకే గెంటావా నాయనా?"

కంట్రాక్టరు మొహం మాడిపోయింది. మధ్యాహ్నానికి వేరే సైటునుంచి వడ్రంగుల్ని దించాడు. వాళ్ల వెనకే పోలీసులు. మేస్త్రీని కాలరు పట్టి లాగారు. వడ్రంగిని లాఠీలతో చితకబాదారు. నీళ్లత్తను రెక్కలు పట్టి ఈడ్చుకెళ్లి వ్యానులో పడేశారు. ఇల్లున్నవాడి ఇంటికే చట్టం కాపలా కాస్తుంది.

వ్యాను గుమ్మాలకు ఎదురుగానే ఆగి ఉంది. నీళ్లత్త వ్యాను కిటికీ జాలీకి మొహం ఆనించి చూసింది. ఆమె గుమ్మం దగ్గరికి కొత్త వడ్రంగి తలుపు మోసుకొచ్చాడు. కోడలు బిడ్డతో వచ్చి అడ్డంగా కూర్చుంది.

"లేమ్మా. నా పొట్ట కొట్టకు," అన్నాడతను.

"నీకు ఇల్లుందా అన్నా?"

"ఉంది... మేం కట్టే సైట్లోనే. కింది అంతస్తు."

"తలుపులొచ్చాయా?"

"రేపొస్తాయి."

కంట్రాక్టరు అరుస్తున్నాడు. కొత్త వడ్రంగి తలుపును గోడకు ఆనించాడు. మేస్త్రీని లాగేసిన పక్క గుమ్మం ఖాళీగా ఉంది. వెళ్లి అందులో కూర్చున్నాడు. అతనితో వచ్చినవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకొని, మిగిలిన గుమ్మాల వైపు నడిచారు.