నీలమ్మ చిగుళ్లు

డెబ్బై ఆరు ఎండాకాలంలో, ఛత్రినాకలో జాకెట్లు కుట్టే ఆగమ్మ నెల రోజుల పాటు ఇల్లు పీకి పందిరి వేసింది. పళ్లు తోముకుంటే చాలు, ఉమ్మిలో నెత్తురు. చిగుళ్లు ఎర్రగా ఉబ్బాయి. "నా పండ్లన్నీ రాలిపోతయే" అని లేచినప్పటి నుంచీ అదే పాట. మొగుడు మొగులయ్య విసిగిపోయి, "దవాఖానకు పోరాదూ, నా పానం తియ్యకు" అన్నాడు. పదహారేళ్ల కూతురు నీలమ్మను వెంటబెట్టుకుని పోయింది.

కూతురెందుకంటారా? జాకెట్టు కుట్టించుకునేవాళ్లు కొత్త గుడ్డతో పాటు ఒంటికి సరిగ్గా అమరిన పాత జాకెట్టు ఒకటి ఆదికి తెస్తారు. మరి పళ్ల డాక్టరుకు మాత్రం ఆది ఉండొద్దూ!

"సారూ, నా బిడ్డ చిగుళ్లు చూడుండ్రి, ఎంత సక్కగున్నయో. నాయి గిట్లనే చెయ్యుండ్రి" అంది డాక్టర్ జలాలుద్దీన్‌తో. ఆయనకు నవ్వాగలేదు. ఆగమ్మ నోరు చూశాక, ఆమె ముచ్చట తీర్చడానికే నీలమ్మ నోరూ తెరిపించాడు. వాపు లేదు, చుక్క నెత్తురు లేదు. అలవాటు కొద్దీ సన్నటి ఇనుప పుల్లను ముందుపంటి పక్కన ఆనించాడు. అది ఆగకుండా చిగురు లోపలికి దిగిపోయింది. వేలితో కదిపితే పన్ను కదిలింది. ఆయన ముఖంలో నవ్వు పోయింది.

"ఈ ముందటి పండ్ల నడుమ సందు ఎప్పుడొచ్చింది?"

"నిరుడు సారూ. పండ్ల నడుమ సందుంటే అదృష్టమంటరు గద, మస్తు సంబురపడ్డం."

ఎక్సురే చూశాక ఆయన నీలమ్మను బయట బల్ల మీద కూర్చోమని, తల్లికి నెమ్మదిగా చెప్పాడు.

"నీకు ఫికర్ లేదమ్మా. నీ పండ్లకు పాచి పట్టింది, దాని మీద నీ ఒళ్లు లొల్లి చేస్తున్నది. గా లొల్లే వాపు, నెత్తురు. పాచి తీస్తే అణుగుతది. బిడ్డది వేరే జబ్బు. పైకి సప్పుడే లేదు, లోపల పండ్లను పట్టుకున్న బొక్క, అదే ఎముక, కరిగిపోయింది. ముందటియి రెండు నిలుస్తయని చెప్పలేను. మిగిలినయి కాపాడుదాం."

ఆగమ్మకు ఇన్నాళ్లూ తన నోరు తప్ప ఇంకొకటి పట్టలేదు. రోజూ ఎదురుగా కూర్చోబెట్టుకుని అన్నం పెట్టిన పిల్లే! తన మీద తనకే అసహ్యం వేసింది. బయటికొచ్చి కూతురి గడ్డం పట్టుకుంది.

"నొప్పి లేస్తలేదా బిడ్డా? కొంచెమన్న?"

"లేదమ్మా. నాకేమైతది, మంచిగనే ఉన్న" అని నవ్వింది నీలమ్మ.

బిడ్డకు నొప్పి రావాలని ఏ తల్లీ కోరుకోదు. ఆగమ్మ కోరుకుంది. నిరుడే వచ్చుంటే, గల్లీ అంతా వినబడేలా ఏడిపించేంత నొప్పి వచ్చుంటే, ఎంత బాగుండేదో అనుకుంది.