అర్మెల్ ఓడ వడ్రంగి

ఇంగ్లీషువాళ్ళకు చిక్కేనాటికి అర్మెల్ ఓడ నీళ్ళలోకి దిగి రెండేళ్ళయినా కాలేదు. సెయింట్ మాలో రేవులో దానికి అడుగుదూలం వేసిన రోజు నుంచీ మథురినే దాని వడ్రంగి. ఫ్రెంచి రాజుగారి అనుమతితో ఇంగ్లీషు సరుకు ఓడల మీద పడి దోచుకునే వేట ఓడ అది. ఊరి షావుకార్లు డబ్బు పెడితే ఊరి మగాళ్ళు ప్రాణాలు పెట్టారు. ఆ తీరంలో దాన్ని అందుకోగల ఓడ లేదని పేరు. ఫిబ్రవరిలో ఒక రాత్రి పెనుగాలికి ముందు తెరచాప కొయ్య విరగడంతో ఆ పేరు కాస్తా పోయింది. తెల్లారేసరికి రెండు ఇంగ్లీషు యుద్ధనౌకలు చెరోపక్కా నిలబడి ఉన్నాయి.

ఇంగ్లీషు తీరంలోని ప్లిమత్ రేవులో నౌకాదళం పెద్దలు ఓడను చూసి ముచ్చటపడ్డారు. బరువు ఫిరంగులు ఎక్కించి, ఫ్రిగేట్ అనే యుద్ధనౌకగా మార్చి తమ రాజుకే ఉంచుకుందామనుకున్నారు. దాని లోపలి సంగతులు తెలిసిన మనిషి ఉంటే పని తేలిక. చెరసాలకు పోతావా, ఓడలోనే ఉంటావా అని మథురిన్‌ని అడిగారు. చెరసాల అంటే భయమో, ఓడను వదల్లేకపోవడమో, అతనికే తెలియదు. ఉంటానన్నాడు.

ఒడ్డుకు పంపే ఖైదీల వరుసలో అతని బావమరిది గిల్దాస్ ఉన్నాడు. భార్య పెరీన్‌కి తమ్ముడు. మథురిన్ చేతుల మీద పెరిగినవాడు. పడవలోకి దిగబోతూ ఆగి, గొంతు పెంచకుండా అడిగాడు.

“అక్కకి ఏం చెప్పమంటావ్ బావా? చచ్చిపోయావనా, బతికున్నావనా? ఏది నీకు తక్కువ సిగ్గయితే అదే చెబుతా.”

మథురిన్ సుత్తి పట్టుకుని విరిగిన కొయ్య వైపు నడిచాడు.

ఓడకు ప్రూడెన్స్ అని కొత్త పేరు పెట్టారు. మథురిన్‌ని మాథ్యూ అన్నారు. చాటున, ఫ్రెంచివాళ్ళను వెక్కిరించే మాటతో, కప్ప అనేవారు. ఆ మాట మొదట అర్థం కాలేదు, అర్థమయ్యాక కూడా కానట్టే ఉండిపోయాడు. ఉప్పు మాంసం, ఉడికించిన బఠాణీలు తెచ్చుకుని తన పనిముట్ల గదిలో ఒక్కడే కూర్చుని తినేవాడు. ఒక్క జెర్సీ దీవివాడు, చుక్కాని పట్టే ఎలీ మాత్రం అతని దగ్గరకొచ్చేవాడు. ఎలీ ఇంగ్లీషు రాజు మనిషే అయినా ఇంట్లో మాట్లాడేది మథురిన్ భాషే. సాయంత్రాలు ఇద్దరూ ముందుభాగంలో కూర్చుని పీతల గురించి, ఎలీ అమ్మ నోటి దురుసు గురించి చెప్పుకునేవారు. రోజంతా బిగుసుకున్న నాలుక అప్పుడే సడలేది.

ఓడకు తిండి పెట్టింది దాని వేగం కాదు, దాని ముఖం. ఫ్రెంచివాళ్ళ చేతిలో పుట్టిన ఓడని దూరం నుంచే తెలిసిపోయేది. కెప్టెన్ ట్రెవెన్ దాని మీద ఫ్రెంచి రాజు తెల్లజెండా ఎగరేయించేవాడు. మనవాళ్ళే అనుకుని ఫ్రెంచి ఓడలు దగ్గరికి వచ్చేవి. అవి ఫిరంగి దూరంలోకి రాగానే తెల్లజెండా దిగేది, ఇంగ్లీషు జెండా ఎక్కేది. అలాంటప్పుడు మథురిన్ అడుగు అరలోకి దిగి, పట్టుబడ్డవాళ్ళ ముఖాలు చూడకుండా ఏదో ఒక పలక దిగ్గొడుతూ ఉండేవాడు.

మూడో యేడు శరత్కాలంలో, సెయింట్ మాలోకి దగ్గర్లోనే ఉన్న ఫ్రెయెల్ కొండచరియ దగ్గర, మంచు తెర కట్టిన ఉదయాన, ఒక చిన్న వేట ఓడ ఎదురైంది. దాని మీంచి ఎవరో కేకేసి పలకరించారు. కెప్టెన్ మథురిన్‌ని పైకి పిలిపించి, ఫ్రెంచి రేవు బ్రెస్ట్ నుంచి వస్తున్నామని, దగ్గరికి రమ్మని వాళ్ళ యాసలోనే చెప్పమన్నాడు.

“అది మా అర్మెల్‌లా ఉందే! ఎవరయ్యా ఉన్నదీ?” అని మంచులోంచి మళ్ళీ వినిపించింది.

ఆ గొంతు గిల్దాస్‌ది. ఖైదీల మార్పిడిలో విడుదలై మళ్ళీ సముద్రానికొచ్చాడన్నమాట.  మథురిన్ ఓడ అంచు కమ్మీ పట్టుకుని, ఒక చేత్తో రమ్మన్నట్టు సైగ చేస్తూ, చుట్టాన్ని భోజనానికి పిలిచే గొంతుతో అన్నాడు.

“దగ్గరికి రాకురా. ఇది ఇప్పుడు మనది కాదు. తెరచాప తిప్పెయ్. బతికే ఉన్నానని అక్కకి చెప్పు.”

 అవతల తాళ్ళు కిర్రుమన్నాయి. చిన్న ఓడ గిరుక్కున తిరిగి, ఫ్రిగేట్ వెళ్ళలేని రాళ్ళ మధ్యకు జారిపోయింది. కెప్టెన్ మథురిన్ వైపు, ఆపైన ఎలీ వైపు చూశాడు. ఏమన్నాడని అడిగాడు.

ఎలీ కళ్ళు దిక్సూచి మీదే ఉన్నాయి. “తమరు చెప్పమన్నదే చెప్పాడు దొరా. వాళ్ళకే అనుమానం వచ్చినట్టుంది.”

ఆ సాయంత్రం మథురిన్ ఎప్పటిలాగే ముందుభాగానికి వెళ్ళాడు. ఎలీ లేచి నిలబడ్డాడు.

“నీ మీద జాలితో కాదు నేనలా చెప్పింది. నా మాటతో ఒకడు ఉరెక్కాడని జన్మంతా మోయలేక చెప్పా. ఈ ఓడలో రెండొందల మంది ఉన్నారు మాథ్యూ, అందరూ నువ్వు తినే తిండే తింటున్నవాళ్ళు. ఇక నా దగ్గర కూర్చోకు.”

ఎలీ కూడా మాథ్యూ అనడం అదే మొదలు. అన్న మాట మీద నిలబడ్డాడు కూడా. యుద్ధం ముగిసేదాకా మథురిన్ తన భాషలో ఒక్క మాట మాట్లాడలేదు. 

రాజులిద్దరూ రాజీపడ్డాక ఊరెళ్ళాడు. రేవులో పాత స్నేహితులు వలలు సర్దుకుంటూ తలలెత్తలేదు. గిల్దాస్ ఒక్కడే ఎదురొచ్చి కౌగిలించుకున్నాడు. ఆ రోజు జరిగింది ఊరంతా చెప్పానని, కొందరు నమ్మారని, అంతకుముందు ఆ ఓడకు చిక్కిన వాళ్ళ ఇళ్ళలో మాత్రం ఆ మాట ఎత్తలేకపోయానని చెప్పాడు. అక్క తీరం వెంబడి కంకాల్ పల్లెలో పిన్ని దగ్గరుంటోందని తీసుకెళ్ళాడు.

పెరీన్ నీటి అంచున వంగి ఆల్చిప్పలు ఏరుతోంది. జుట్టు నెరిసింది. అతన్ని చూసి చేతులు తుడుచుకుంది. చిక్కిపోయావంది. కూర్చోబెట్టి, ఒక ఆల్చిప్ప విప్పి, తినమని చేతిలో పెట్టింది.

“మా తమ్ముణ్ణి బతికించావు. రోజూ నీ పేరు చెప్పి దీపం పెడుతున్నా,” అంది. “కానీ ఆ రోజు ప్లిమత్ రేవులో వాడితో నువ్వూ జైలుకి పోయుంటే, నీకోసం ఎన్నేళ్ళయినా ఎదురుచూసేదాన్ని. నువ్వు ఓడ దగ్గర ఉండిపోయావు. అప్పట్నించీ నాకు ఎదురుచూట్టానికి ఎవరూ లేకుండా పోయారు.”

“ఇప్పుడు వచ్చాగా.”

“వచ్చావు. నేనే లేను మథూ.”

ఆమె కోపంగా అన్నా బాగుండేది. ఆల్చిప్పలోని మాంసం మింగి అతను లేచాడు.

ప్లిమత్‌లో ప్రూడెన్స్ తెరచాప కొయ్యలు పీకేసి, ఫిరంగులు దింపేసి, నదిలో పనిలేని ఓడల వరుసలో కట్టేశారు. అలాంటి ఓడలోనూ ఒక వడ్రంగి కాపురముండాలి. ఆ ఉద్యోగం తిరిగొచ్చిన మథురిన్‌కే ఇచ్చారు. పగలు నీరు తోడేవాడు, పలకల సందుల్లో తారు కూరేవాడు. వానాకాలంలో పైన చినుకులు, కింద అడుగునీరు, మధ్యలో అతను.

పక్క ఓడలో కాపలా ఉండేవాడి భార్య, ముసలావిడ, ఆదివారాలు చిన్న పడవలో వచ్చి రొట్టె ఇచ్చేది. ఆమె ఇంగ్లీషులో గబగబా ఏదేదో చెప్పేది. అతనికి సగం అర్థమయ్యేది. ఆమె నవ్విన చోటల్లా అతనూ నవ్వేవాడు. ఆమె పడవ తెడ్ల చప్పుడు వినపడనంత దూరం పోయేదాకా అక్కడే నిలబడి, తర్వాత రొట్టె పట్టుకుని లోపలికి వెళ్ళేవాడు.