ఖంగున మోగిన బిళ్ళ

తడ దగ్గరి ఆ ఫ్యాక్టరీలో పీజో బిళ్ళలను పెట్టెల్లో సర్దడం వినీల పని. పీజో అంటే బ్రహ్మవిద్యేం కాదు. కరెంటు పెడితే కంటికి ఆననంత సాగి, తీస్తే ముడుచుకునే పింగాణీ. ఆ కాస్త సాగుడే ఆస్పత్రి పంపుల్లో మందును చుక్కచుక్కగా తోస్తుంది.

ఆ ఉదయం, సర్దిన పెట్టెల్లోంచి మచ్చుకు తీసిన బిళ్ళలు కరెంటు పెట్టగానే పగిలాయి. లైన్ ఇన్‌ఛార్జి హరినాథ్ ఒక ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టి చూశాడు.

"దీనికేదో తగిలినాది. అంచున సన్న బీట ఉండాది, కరెంటు పడేకొద్దీ పాకుతాది. పెట్టె ఎవరన్నా కింద పడేసినారా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు వినీల చేతిలోని స్టీలు పట్టకారును చాటుకు దాచింది. ఆమె దేన్నీ పడెయ్యలేదు. కొట్టి చూసింది, అంతే.

పులికాట్ ఒడ్డున వాళ్ళ ఊళ్ళో పులుసు చట్టిని కొట్టి చూడకుండా కొనరు. అవ్వ ఆదిశేషమ్మ వేలు మడిచి కొడితే చట్టి ఖంగుమనాలి, లేదంటే బేరమే లేదు. బిళ్ళా కాల్చిన మట్టే కదా! పైన పటారం లోన లొటారం సరుకు తన చేతిమీదుగా పోకూడదని వినీల ప్రతి బిళ్ళనూ పట్టకారుతో కొట్టి, విని, సర్దింది.

ఆ దెబ్బకే బీట పడి ఉంటే? పొద్దున్నే వ్యానెక్కిన పెట్టె ఆమెకు గుర్తొచ్చింది. అందులోని బిళ్ళలు నెలలు నిండని పసికందుల పంపులకు పోయేవి. చెబితే ఉద్యోగం ఊడుతుంది. చెప్పకపోతే ఏ ఆస్పత్రిలోనో పంపు ఆగుతుంది. అడకత్తెరలో పోకచెక్క అయింది ఆమె బతుకు. వెళ్ళి హరినాథ్ ఎదుట నిలబడింది.

"సార్, నేను కొట్టి చూసినాను. బాగానే మోగినాయి సార్."

హరినాథ్ కొత్త బిళ్ళ ఒకటి ఆమె ముందు పెట్టాడు. "ఎట్ట కొట్టినావో కొట్టు."

కొట్టింది. ఖంగుమంది. వినీలకు ప్రాణం లేచొచ్చింది. హరినాథ్ దాన్ని తీసుకుని కరెంటు పెట్టాడు. కాసేపటికి టిక్కుమని బిళ్ళ రెండయింది.

అతను వ్యాన్‌ను ఆపమని గేటుకు ఫోన్ చేశాడు. అది అప్పటికే హైవే ఎక్కేసింది. డ్రైవర్‌ను వెనక్కి పిలిపించేదాకా వినీల కూర్చోలేదు, మంచినీళ్ళు ముట్టలేదు.

పెట్టె తిరిగొచ్చింది. మూత తీస్తే బిళ్ళలన్నీ నున్నగా, ఒక్క గీతైనా లేకుండా మెరుస్తున్నాయి. వాటికోసం ఆస్పత్రులు ఎదురు చూస్తున్నాయని హరినాథ్‌కు తెలుసు.

"ఇందులో నువ్వు కొట్టనివి ఏమన్నా ఉండాయా తల్లీ? కొన్నన్నా?"

వినీల ఏడుపు ఆపుకోలేకపోయింది.

"లేవు సార్. పసిబిడ్డలకని... వీటిని మూడేసిసార్లు కొట్టినాను."