గీత లేని ఒకటి

నేను ఒక ఇనుప కొలబద్దను. వాగులో నిలబడి నీళ్లెంత లోతున్నాయో చెప్పినదాన్ని. వంతెన కట్టాక నన్ను పీకేసి, నీటిపారుదల ఆఫీసు వెనక విరిగిన కుర్చీల కింద పడేశారు. నా ఒంటి మీది అంకెలు ఇంకా చదవొచ్చు. చదివేవాళ్లే లేరు.

నన్ను పోతపోసిన చోటే నాకు లెక్కలు అబ్బాయి. అంకెలు సున్న నుంచి తొమ్మిది దాకా పదే. ఎంత పెద్ద సంఖ్యనైనా వాటితోనే రాస్తారు. ఒకటి, రెండు, మూడు అంటూ మీరు గొర్రెల్ని లెక్కపెట్టుకునేవి సహజ సంఖ్యలు. వాటికి సున్నను కలిపితే పూర్ణాంకాలు. సున్నంటే ఏమీ లేదని మీ నమ్మకం. నా సున్న దగ్గర మాత్రం తొడల లోతు నీళ్లుండేవి. అడుగున ఇసుక ఏటేటా కదిలిపోతుంది కాబట్టి, కదలని బండ చూసి దాని ఎత్తున సున్న పెట్టారు. అక్కడి నుంచి పైకి ఒకటి, రెండు. కిందికి దిగినా మళ్లీ ఒకటి, రెండే, కాకపోతే ముందు చిన్న అడ్డగీత ఉంటుంది. అవి రుణ సంఖ్యలు, కిందికి పోయేకొద్దీ చిన్నవవుతాయి. ఇవన్నీ కలిస్తే పూర్ణ సంఖ్యలు. ఆ వాగుకు ఈ చదువు చాలు.

ఆ రేవులో ఒక ఆచారం ఉండేది. అంకె చెప్పనిదే ఎవరూ నీళ్లలో కాలు పెట్టరు. చెప్పే మనిషి ఓదెలు. రేవు పక్కనే అతని ఇల్లు. పొద్దున్నే వచ్చి, వంగి నన్ను చూసి కేకేసేవాడు.

"గీత ఒకటుంది, దిగుండ్రి!" అంటే మోకాలు లోతు. నవ్వుకుంటూ దాటేవాళ్లు.

"ఉత్త ఒకటుంది, ఎనుకకు మర్లుండ్రి!" అంటే గీత లేని ఒకటి, నడుము దాటిన వరద. ఎంత తొందర పనున్నా తిరిగి వెళ్లిపోయేవాళ్లు.

ఒక ఎండాకాలం నాకు రంగు వేయించారు. అంకెలకు నలుపు, మిగతాదానికి తెలుపు అని ఆఫీసువాళ్లు పెయింటరుకు చెప్పారు. గీత అంకె కాదు, గుర్తు. చెప్పిన మాట జవదాటని ఆ పెయింటరు గీతలన్నిటినీ శుభ్రంగా తెల్లగా పూసేశాడు. ఆఫీసు సారు జీపు దిగకుండానే బాగుందన్నాడు. మనుషులు ఇంత బుద్ధిగా పనిచేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఓదెలుకు తేడా తెలుసు. కానీ ఎండల్లో సున్నకు పైన నీళ్లెక్కడివి? కనబడని గీతను పలకడం ఎందుకని "ఒకటుంది, దిగుండ్రి" అనడం మొదలుపెట్టాడు. నాలుగు రోజుల్లో ఊరందరికీ అదే అలవాటైంది.

ఆ ఎండల్లోనే అతని కోడలు స్వరూప కాపురానికొచ్చింది. వాగు లేని ఊరి పిల్ల. మొదట నీళ్లంటే వణికిపోయేది. ఒకటంటే మోకాలు లోతేనని మామే చెయ్యి పట్టుకుని దాటించి నేర్పాడు. తర్వాత ధైర్యమొచ్చింది. దిగే ముందు నన్ను పట్టుకుని చెప్పులు విప్పుకునేది. నాకా పిల్లంటే ఇష్టం.

వానలు మొదలయ్యాయో లేదో ఓదెలు జ్వరంతో మంచం పట్టాడు. కొడుకు బొగ్గుబావి డ్యూటీలో ఉన్నాడు. మందుల షాపు అవతలి ఒడ్డున ఉంది. ఊళ్లో చినుకు లేదు, కురిసిందంతా ఎగువ గుట్టల్లో. స్వరూప రేవుకొచ్చేసరికి నా కింది ఒకటీ, సున్నా మునిగిపోయి ఉన్నాయి. నీళ్లు పై ఒకటిని తాకుతున్నాయి. ఆ పిల్ల తటపటాయించి ఇంటివైపు తిరిగింది.

"మామా, నీళ్లు జర ఎర్రగున్నయ్! గని అంకె ఒకటే ఉంది!"

"ఒకటే గద బిడ్డా," మంచం మీద నుంచే అన్నాడు ఓదెలు. "పైలంగ పోయి రా."

గీతనా, ఉత్తనా అని అడగలేదు. ఆ మాట అలవాటు తప్పింది. స్వరూప చెప్పులు విప్పి, చీర కుచ్చిళ్లు ఎగదోపి దిగింది. కళ్ల ముందు వాగు వెడల్పయి కనబడుతున్నా, అంకెనే నమ్మింది. నడి వాగులో కాలు తేలిపోయింది. ఒక్కసారి "మామా" అని వినబడింది. మర్నాడు దిగువన తుమ్మపొదల్లో దొరికింది.

ఆఫీసువాళ్లు విచారణకొచ్చారు. కొలబద్ద సరిగ్గానే చూపిందని తేల్చారు. నిజమే, నేను చూపింది సరైన సంఖ్యే. ఆ మాట విన్నప్పుడు నాకు సిగ్గేసింది. ఆ పెయింటరునే పిలిపించి గీతలు నల్లగా దిద్దించారు.

వరద తీశాక జనం మళ్లీ రేవులో గుమిగూడారు. ఓదెలు ఒడ్డున కూర్చుని ఉన్నాడు. అతను చెప్పనిదే ఎవరూ దిగరు కదా, అందరూ ఆగారు. చివరికి నెత్తిన కూరగాయల గంప ఉన్న ఒకామె మెల్లగా అడిగింది.

"ఎంతుంది కాకా?"

ఓదెలు నావైపు చూశాడు. నీళ్ల అంచున గీతా, పక్కన ఒకటీ నిగనిగలాడుతున్నాయి.

"నాకు అంకెలు రావు బిడ్డా," అన్నాడు.