మంచాన ఉన్న ఇంటావిడ

హాలు మేనేజరు ఒకే ఆదివారాన్ని ఇద్దరికి ఇచ్చేశాడు. లాక్‌డౌన్‌లో ఆఫీసుకి తాళం వేసి, ఇంట్లో కూర్చుని ఫోన్లలోనే మాటలిచ్చాడు. ఒక ఫోను ఆయన ఎత్తాడు. ఇంకోటి ఆయన తమ్ముడు ఎత్తాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఇల్లు, కానీ ఒకరితో ఒకరికి మాటల్లేవు. హాలు తెరిచే రోజులొచ్చాక చూసుకుంటే, అటు మీటరాయన కూతురి పెళ్ళి, ఇటు దర్జీ కూతురి పెళ్ళి, రెండూ ఆ ఆదివారమే. రెండూ అంతకుముందు ఒకసారి ఆగిపోయిన పెళ్ళిళ్ళే.

మేనేజరు తప్పు ఒప్పుకోలేదు. ఒకరి నంబరు ఒకరికిచ్చి, మీలో మీరు తేల్చుకుని చెప్పండి, మీరేదంటే అదే అన్నాడు. ఒప్పుకోవలసింది తను, కొట్టుకోవలసింది వాళ్ళు.

వేరే హాళ్ళు ఉన్నాయి. కానీ రెండు వైపులా కిటికీలున్న వాటికే అనుమతి ఇస్తామన్నారు. ఊళ్ళో మిగతావన్నీ ఏసీ కోసం మూసిపారేసిన డబ్బాలు. గాలి ఆడే హాలు ఇదొక్కటే. దాంట్లో మిగిలిన ఆదివారాలు కూడా ఎప్పుడో పోయాయి.

మీటరాయన అసలు పని కరెంటు మీటర్లు చూసి రాసుకోవడం. ముప్పై ఏళ్ళుగా జనం గుమ్మాల దగ్గర నిలబడి, లోపలికి తొంగిచూడకుండా, గోడకున్న డబ్బా మాత్రం చూసి వచ్చేసే మనిషి. మాటలు తక్కువ. భార్య పోయి మూడేళ్ళు. ఒక్కతే కూతురు, కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. ఆమె చేసుకోబోయే కుర్రాడు ఓడలో వంటవాడు. నెలాఖరుకి ఓడ ఎక్కితే మళ్ళీ ఏడాదికి గానీ దిగడు. ఈ ఆదివారం పోతే పెళ్ళి ఏడాది వెనక్కి పోతుంది. ఒకసారి ఆగిన పెళ్ళి రెండోసారి ఆగితే కుర్రాడి తల్లి ఏమంటుందో మీటరాయనకి తెలుసు. ఆవిడ అప్పుడే అనడం మొదలుపెట్టింది.

అతను దర్జీకి ఫోన్ చేసింది ఈ మాట చెప్పడానికే. నిజం చాలు అనుకున్నాడు. ఓడ సంగతి చెప్పాడు. దర్జీ సానుభూతిగా విన్నాడు. విని, మాకూ ఆగే వీల్లేదండీ, మా అమ్మకి ఎనభై దాటాయి, మనవరాలి పెళ్ళి చూసి పోతానని కూర్చుంది అన్నాడు. దర్జీ గొంతులో పంతం లేదు. ఉన్న మాట అన్నాడంతే.

ఓడకీ ముసలమ్మకీ పోటీ పెడితే ముసలమ్మే గెలుస్తుందని మీటరాయనకి తెలిసిపోయింది. అప్పుడు నోరు తెరిచాడు.

"మా ఇంటావిడ మంచాన ఉందండీ. ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమన్నారు."

అటువైపు కుట్టుమిషను చప్పుడు ఆగింది. దర్జీ, "అయితే మీరే చేసుకోండన్నా. తల్లి చూడాలి గదా. మా అమ్మకి నేను చెప్పుకుంటాలే" అన్నాడు.

ఫోను పెట్టేశాక మీటరాయన వెళ్ళి మొహం కడుక్కున్నాడు. ఎందుకు కడుక్కున్నాడో అతన్నడిగితే చెప్పలేడు.

అక్కడితో అయిపోతే మనసులో ఓ మూల పడేసి బతికేవాడే. చాలామంది అలాగే బతుకుతున్నారు. కానీ మర్నాడు దర్జీ భార్య ఫోన్ చేసింది. ఆవిడకి మాట ఆగదు. అన్నయ్యగారూ అని మొదలుపెట్టి, వదినగారికి ఏం జబ్బు, ఎవరు చూసుకుంటున్నారు, అన్నం తినగలుగుతోందా అని అడిగింది. అతను నడుము అన్నాడు. లేవలేదన్నాడు. జావ పోస్తున్నాం అన్నాడు. ప్రశ్న ఎంతో జవాబు అంతే. మీటరు చదివినట్టు చదివాడు. మూడేళ్ళ కిందట ఇంట్లో నిజంగా జరిగిందీ అదే. అందుకని తడుముకోవలసిన అవసరం రాలేదు.

ఆవిడ ఏడ్చినంత పనిచేసింది. తర్వాత అసలు సంగతికి వచ్చింది. పెళ్ళి రోజు మనిషికి కొత్త బట్ట కట్టాలి గదా, చేతులు ఎత్తలేని మనిషికి జాకెట్టు తొడగడం నరకం, మా అమ్మకి నేను చేశాను, నాకు తెలుసు అంది. భుజం మీద కూడా హుక్కులు పెట్టి, పడుకోబెట్టే తొడిగేలా కుడతానంది. ఆదికి పాత జాకెట్టు ఒకటి పంపమంది. వెనకాల్నించి దర్జీ, పంపించండన్నా, మాస్కులు కుట్టీ కుట్టీ దీనికి మూతి కొలత తప్ప ఇంకో కొలత గుర్తులేదు అని నవ్వాడు. మంచాన ఉన్న మనిషి ఇంటికి నవ్వు పంపొచ్చా అని భార్య అతన్ని కసిరింది.

వద్దనొచ్చు. అతను వద్దనలేదు. వద్దంటే అనుమానం వస్తుందనుకున్నాడు. దొంగకి దయ చూసినా భయమే.

బీరువాలో భార్య జాకెట్టు ఒక్కటే మిగిలింది. మిగతావన్నీ ఆవిడ పోయిన నెలలో ఎవరెవరో పట్టుకుపోయారు. ఈ నీలం జాకెట్టు కూతురు దాచుకుంది. అతను దాన్ని కాగితంలో చుట్టి, దర్జీ షాపు సగం ఎత్తిన షట్టరు కిందనుంచి లోపలికి అందించి వచ్చాడు. చేతులు తగలకుండా ఇచ్చాడు. రోజులు అలాంటివి, కాబట్టి అదేం ఎబ్బెట్టుగా లేదు.

రెండ్రోజులకి కూతురు బీరువా తీసింది. జాకెట్టు లేదు. ఇల్లంతా వెతికింది. చివరికి తండ్రి ముందుకొచ్చి నిలబడింది.

"అమ్మ జాకెట్టేది నాన్నా?"

కుట్టడానికిచ్చా అన్నాడు. ఎవరికి అంది. అతను నేల చూశాడు. చెప్పక తప్పలేదు. మీటరాయన చెప్పింది నాలుగు ముక్కలే, కానీ ఆ నాలుగు ముక్కల్లో తల్లి మళ్ళీ మంచం పట్టింది, మళ్ళీ జావ తాగింది. కూతురు గోడకి ఆనుకుంది.

"మళ్ళీ పోవడానికి ఎన్నాళ్ళు తీసుకుంటుందట?" అంది.

ఫోన్ చేసి నిజం చెప్పు అంది. చెబితే ఆదివారం పోతుంది, నీ ఇష్టం అన్నాడు. ఫోను తీసి ఆమె ముందు పెట్టాడు. అది మంచితనం కాదు. తన బరువు కూతురి నెత్తినెక్కించడం.

ఆ పిల్ల ఫోను వంక చూస్తూ చాలాసేపు కూర్చుంది. కుర్రాడు ఓడలోంచి పంపిన ఫొటోలు అందులోనే ఉన్నాయి. చివరికి, పెళ్ళయ్యాక చెబుదాంలే అంది. లేచి వెళ్ళి గిన్నెలు తోముకుంది. తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది.

ఆ వారమంతా తండ్రీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అన్నం దగ్గర టీవీ పెట్టుకున్నారు. దర్జీ భార్య రోజూ ఫోన్ చేసేది. ఎవరు ఎత్తాలా అని ఇద్దరూ చూసేవాళ్ళు. ఒకరోజు కూతురే ఎత్తింది. అమ్మకి ఎలా ఉందమ్మా అంటే, అలాగే ఉందండీ అంది. ఆ ఒక్క మాటతో ఆమె కూడా తండ్రి పక్కకి చేరిపోయింది.

పెళ్ళి ఇంకో వారం ఉందనగా, చెప్పాపెట్టకుండా స్కూటరు గేటు ముందు ఆగింది. దర్జీ, భార్య. ఇద్దరికీ పూలగుడ్డ మాస్కులు. ఆవిడ చేతిలో సంచి. లోపలికి రాంలెండి అన్నయ్యగారూ, జబ్బు మనిషికి కరోనా అంటించామన్న పాపం మాకెందుకు, కిటికీలోంచి ఒక్కసారి పలకరించి పోతాం అంది.

ముందుగదిలో కిటికీ పక్కన ఇనుపమంచం ఉంది. ఇప్పుడు దాని మీద మడతపెట్టిన బట్టలు తప్ప ఏమీ లేవు. అమ్మాయి ఆవిడకి బట్టలు సర్దుతోంది, ఒక్క నిమిషం ఆగండి అని మీటరాయన లోపలికి వచ్చాడు. కూతురు గుమ్మం వెనకే ఉంది. అంతా వింది.

"పడుకో. దుప్పటి కప్పుకో. మొహం అటు పెట్టు" అన్నాడు.

కూతురు అతని వంక ఎలా చూసిందంటే, ఆ చూపు అతని వెంట చివరిదాకా వస్తుంది. అయినా వెళ్ళి పడుకుంది. తల్లి పడుకున్నవైపే తలపెట్టి పడుకుంది. అతను దుప్పటి కప్పి కిటికీ తెరిచాడు.

దర్జీ భార్య కమ్మీలు పట్టుకుంది. పట్టుకుని, గుర్తొచ్చి, వదిలేసి కొంగుతో తుడిచింది.

"వదినగారూ, లేవకండి. నేను దర్జీగారి ఇంటిదాన్ని. మీ జాకెట్టు తెచ్చా. హుక్కులు ఎడమవైపు పెట్టా, మీ అమ్మాయి ఆ పక్కన కూర్చుని తొడుగుతుందని. హాల్లో కిటికీ దగ్గర మీకు మంచం వేయించమని మేనేజరుకి కూడా చెప్పాం. పడుకునే చూడొచ్చు."

దుప్పటి కింద ఏమీ కదల్లేదు. ఆవిడ తగ్గు గొంతుతో మాట్లాడుతూనే ఉంది. మా అత్తయ్యకి మాత్రం గుండె బాగాలేదు, ఈ నెల దాటితే చూద్దాం అన్నాడు డాక్టరు అంది. మాకు వేరే తేదీ వచ్చేదాకా ఉండవే అంటే, మీ కోసం చచ్చినట్టు బతకాలా అని ఈయన్ని తిడుతోంది అంది. అని కొంచెం నవ్వింది. "ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఆవిడ చూడాల్సినవి చూసింది. మీకు ఒక్కతే పిల్లట. మీరు చూడండి."

మీటరాయన గోడకున్న స్విచ్చుబోర్డు వంక చూస్తూ నిలబడ్డాడు.

దుప్పటి కదిలింది. కూతురు లేచి కూర్చుంది. జుట్టు చెదిరి మొహం మీద పడింది.

"నేనండీ ఇది. అమ్మ ఎప్పుడో పోయింది. నాన్న అబద్ధం చెప్పాడు. నాకూ తెలుసు. తెలిసే పడుకున్నా."

వీధిలో ఎవరిదో కుక్క మొరిగింది. దర్జీ స్కూటరు స్టాండు వేసి గేటు దాకా వచ్చాడు. భార్య సంచిలో చెయ్యి పెట్టి కొత్త జాకెట్టు తీసి, మళ్ళీ లోపల పెట్టింది.

"ఆది జాకెట్టు కలరా ఉండల వాసన కొట్టింది" అంది, ఎవరితోనూ కానట్టు. "కట్టుకునే మనిషి బట్టకి ఆ వాసనేంటా అనుకున్నా. పాపం, మంచాన ఉన్నావిణ్ణి అనుమానించానని ఆ పూట అన్నం తినలేదు."

అరిస్తే బాగుండేది. మీటరాయన అరుపు కోసం ఎదురుచూశాడు. అరుపుకి తలవంచడం తేలిక.

దర్జీ మాస్కు కిందికి లాగి మాట్లాడాడు. "ఆ హాలు కుర్చీల గుడ్డలన్నీ నేనే కుడతా. నేనడిగితే మేనేజరు కాదనడు. పొద్దున మీరు చేసుకోండి, సాయంత్రం మేం చేసుకుంటాం అందామని ఆ రోజు ఫోను ఎత్తా. నువ్వు మంచం మాట అన్నావు. ఆ మనిషిని హడావిడి పెట్టడం ఎందుకులే, రోజంతా వాళ్ళకే వదిలేద్దాం అనుకున్నా."

మీటరాయన అప్పుడు తల ఎత్తాడు. "ఇప్పుడైనా... పొద్దున..." అన్నాడు.

సిగ్గు లేనివాడు కాదతను. కానీ నోరు మళ్ళీ అతనికంటే ముందు నడిచింది.

"వద్దు," అంది దర్జీ భార్య. "నాకంత మంచితనం లేదన్నయ్యగారూ. ఆ రోజు మొత్తం మాకే కావాలి. మా అత్తయ్య కోసం. మా ఎదురుగానే ఫోన్ చెయ్యండి."

ఆవిడ ఇంకా అన్నయ్యగారూ అనే అంది. అలవాటు మీద వచ్చిన మాట. అతనికి అదే ఎక్కువ తగిలింది.

కూతురు మంచం దిగి తండ్రి ఫోను తెచ్చి చేతిలో పెట్టింది. అతను గేటు దగ్గరికి వెళ్ళి, కూతురు పక్కనే నిలబడి ఉండగా, మేనేజరుకి చేశాడు. ఆ ఆదివారం దర్జీగారిదేనండీ, మేం వదులుకుంటున్నాం అన్నాడు. మేనేజరు గొంతు మెత్తబడింది.

"అయ్యో. పోయారా? ఎప్పుడండీ?"

దారి మళ్ళీ తెరిచే ఉంది. అవునంటే చాలు. పెళ్ళి ఎందుకు ఆగిందో కుర్రాడి తల్లికి చెప్పుకోవడానికీ అదే సరిపోతుంది. దర్జీ భార్యకి ఆ మాట వినపడలేదు. కూతురికి వినపడింది.

"మూడేళ్ళయింది," అన్నాడు.

మేనేజరు సరేనండీ అని పెట్టేశాడు. అయిపోయిందా అని దర్జీ అడిగాడు. అయిపోయింది అన్నాడు. కాగితంలో మళ్ళీ చుట్టి తెచ్చిన పాత నీలం జాకెట్టు తీసి గోడ మీద పెట్టి, కొత్తది సంచిలోనే ఉంచుకుని వాళ్ళు స్కూటరెక్కారు. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు.

కూతురు జాకెట్టు తీసుకుని లోపలికి వెళ్ళింది. తలుపు వెయ్యలేదు. కుర్రాడికి ఫోన్ చేసింది. మీటరాయన మెట్ల మీద కూర్చుని విన్నాడు. ఆమె మొదటినుంచీ చెప్పింది. నాన్న ఏమన్నాడో చెప్పింది, ఫోను ముందు పెడితే తను ఏమందో చెప్పింది, మంచం మీద ఎలా పడుకుందో చెప్పింది. తన మీద కూడా ఏమీ తగ్గించుకోలేదు. అటువైపు కుర్రాడు ఏమన్నాడో మెట్ల దాకా వినపడలేదు. చాలాసేపు ఆమె ఊఁ అనడం మాత్రమే వినపడింది. తర్వాత అదీ ఆగిపోయింది.

అతను లేచి లోపలికి వెళ్ళి, కుర్రాడు ఏమన్నాడని అడగాలనుకున్నాడు. అడిగే ముఖం లేక అక్కడే కూర్చున్నాడు.