అంటు కింది చిగురు

ఆదివారం కోత పండుగకు మొదటి కాపు చర్చికి తీసుకుపోతానని పక్కింటి నీలమ్మ గోడ అవతలి నుంచి చెప్పింది. ఆమె భర్త ఇశ్రాయేలు చనిపోయే ముందు నాటిన బత్తాయికి ఇన్నేళ్లకు తొమ్మిది కాయలు పట్టాయి. కోయడానికి నన్నే రమ్మంది.

అవి బత్తాయిలు కావని నాకు తెలుసు.

మాది నల్లగొండ వైపు. అక్కడ బత్తాయిని జంబేరి అనే ముళ్ల నిమ్మ మొక్క మీద అంటు కడతారు. వేరు జంబేరిది, పైకొమ్మ బత్తాయిది. అంటు కింద చిగురు వస్తే గిల్లేయాలి, లేకుంటే అదే పెరిగి జంబేరి కాయలు కాస్తుంది. ఇది మా ఊళ్లో బడి పిల్లలకూ తెలుసు.

నాలుగేళ్ల కింద, ఎండాకాలంలో, నీలమ్మ తన కూతురు వీణ కాన్పుకు వెళ్తూ మొక్కను నాకు అప్పజెప్పింది. సైదాబాద్‌లో మా గల్లీకి అప్పుడు రోజు విడిచి రోజు నల్లా. వచ్చిన నీళ్లు మా దానిమ్మకు పోసుకున్నాను. గుర్తొచ్చి చూసేసరికి అంటు పైభాగం ఎండి పుల్లయింది. భయపడి బిందెలు గుమ్మరించాను. పది రోజులకు అంటు కింద నుంచి ముళ్లతో చిగురు లేచింది. గిల్లలేదు. ఎండిన పుల్ల కోసి, కోసినచోటు కనబడకుండా మట్టి పూశాను.

నీలమ్మ తిరిగొచ్చి నా చెయ్యి మంచిదంది. ఆ ఏడు దానిమ్మ బాగా కాసింది. ఆమెకూ నాలుగు పంపాను.

ఈ శనివారం నీలమ్మ బుట్ట పట్టుకొని చెట్టు కింద నిలబడింది. కాయల తోలు మందంగా, గరుకుగా ఉంది. ఒకటి కోశాను కానీ బుట్టలో వేయలేకపోయాను.

“నీలమ్మా, ఇవి చర్చికి వద్దు.”

“ఏం, పురుగు వట్టిందా బీరన్నా?”

చెప్పాను. ఎండిన పుల్ల సంగతి, గిల్లని చిగురు సంగతి, చివరికి దానిమ్మ సంగతి. ఆమె నా చేతిలోని కాయ తీసుకుని గోటితో గీరి వాసన చూసింది.

“నాలుగేండ్ల సంది నేను ముండ్లకు నీళ్లు వోస్తుంటే చూసుకుంట కూసున్నవా? నీ దానిమ్మలు మస్తు తీపున్నయని చర్చిల గూడ చెప్పిన.”

ఆమె వంగి చెట్టు మొదలు చూసింది.

“వేరైనా ఆయన వెట్టిందేనా?”

“వేరు అదే.”

“అయితే పోయి మీ ఊరి బత్తాయి కన్ను పట్టుకరా. మల్ల కట్టు.”

ఖాళీ బుట్టతో లోపలికి పోయింది.

మా ఊరి నుంచి బత్తాయి పుల్ల తడిగుడ్డలో చుట్టి తెచ్చాను. ముళ్ల కొమ్మ బెరడు చీల్చి, పుల్ల నుంచి చెక్కిన చిగురు కన్ను దూర్చి కట్టాను. రోజూ పొద్దున్నే పోయి కట్టు కింద వేలితో తడుముతాను. ఆవగింజంత చిగురు తగిలినా గిల్లేస్తాను. నీలమ్మ గిన్నెలు తోముతూ చూస్తుంది. కన్ను లేచిందా అని అడగదు.

మా దానిమ్మ ఈసారి కూడా కాసింది. కోయలేదు.