గేటు దాకా నడిచిన కాఫీ వాసన

పొద్దున ఆరు కాగానే మన్సూరాబాద్‌లోని ఆ ఇంట్లో కృష్ణకుమారి కాఫీ కలిపేది. ఆ వాసన వంటగదిలోంచి నడిచిపోయి, ముసుగుతన్ని పడుకున్న ఆమె మొగుడు జానయ్యను చెయ్యి పట్టుకుని లేపుకొచ్చేది. ఆమె ఎవరి కోసం కలిపితే వాసన వాళ్ల దగ్గరికే పోతుంది. సకల జనుల సమ్మెలో ఆర్టీసీ బస్సులు ఆగి, డ్రైవర్ జానయ్య ఎల్బీనగర్ చౌరస్తా శిబిరంలో కూర్చోవడం మొదలుపెట్టాక అది అక్కడిదాకా కూడా పోయేది. "జానన్నా, నీకోసం వాసన వచ్చింది, లే" అని పక్కవాళ్లు జరిగి దారిచ్చేవాళ్లు.

చౌరస్తా దాటి మాత్రం పోలేకపోయేది. సీసాలోని పొడి రెండు చెంచాలు వేసి కలిపిన కాఫీకి అంతకంటే ఓపిక ఎక్కడిది?

కృష్ణకుమారికి ఇప్పుడు బాలాపూర్ దాకా నడిచే వాసన కావాలి. బాలాపూర్‌లో ఆమె అక్క అండాలమ్మ ఉంది. ఆరేళ్ల కింద అండాలమ్మ కొడుకు పెళ్లిలో, బుస్సుమని ఆవిరి కొట్టే పెద్ద స్టీలు మిషన్ పెట్టి వచ్చినవాళ్లందరికీ ఎస్ప్రెస్సో కాఫీ పోశారు, నురుగు మీద పొడి చల్లి మరీ. సొంత చెల్లెల్ని మాత్రం "తాగినవా?" అని అడగలేదు. పెళ్లి హడావిడిలో అక్కకు తోచలేదు. తోచకపోవడమే తప్పని చెల్లెలు అక్షింతలు కూడా వేయకుండా వచ్చేసింది. అప్పటినుంచి మాటల్లేవు. మొండితనంలో ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే.

వచ్చే ఆదివారం కూతురు జ్యోతిక నిశ్చితార్థం.

"పెద్దమ్మ రాకుంటె నేను పీట మీద కూసోను," అంది జ్యోతిక. "చిన్నప్పుడు నన్ను సాకింది ఆమెనే."

"నాయిన పోయి కార్డు ఇచ్చిండు గదనె. చూస్త అన్నదట."

"నువ్వు పోయి పిలువు."

"నేనెట్ల పోత? నన్ను కాఫీ అడగలే!"

ఆ కాఫీ దగ్గర దూరమైన అక్క ఆ కాఫీకే రావాలని కృష్ణకుమారి తీర్మానించుకుంది. కాఫీ మిషన్ కొనడానికి మొగుణ్ని వెంటబెట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో బాపిరాజు షాపుకు పోయింది. బాపిరాజుది భీమవరం. ఇరవై ఏళ్లుగా ఈ షాపులోనే మిక్సీలు, గ్రైండర్లు అమ్ముతున్నాడు.

"ఐదు వేలు దాటొద్దన్నా. సమ్మెల ఉన్నం," అంది, అక్క సంగతంతా చెప్పి.

"కొత్తగా నేర్చుకునేవాళ్లకి మూడు రకాలున్నాయమ్మా. డబ్బా మీద అంకెలు చూడకండి. అక్కగారిని తలుచుకుని ఒక్కోదాంట్లో చేసి చూడండి, వాసన ఎంత దూరం నడుస్తుందో తెలిసిపోద్ది."

మొదటిది అన్నిటికంటే చవక. అచ్చం పెళ్లిలోలాగే బుస్సుమంది, నురుగు పొంగి పొర్లింది. జానయ్య చప్పట్లు కొట్టబోయాడు. వాసన మాత్రం మాడి, కుంటుకుంటూ షాపు మెట్ల దాకా పోయి అక్కడే కూలబడింది.

"నురుగు చూసే కొనేస్తారండి అందరూ. ఇందులో ఆవిరే నీళ్లని నెడతాది, కాఫీ కాస్తా మాడిపోద్ది," అన్నాడు బాపిరాజు.

రెండోది బటన్ నొక్కితే చాలు, గింజలు పొడి చేసుకోవడం నుంచి కప్పులో పోయడం దాకా అన్నీ అదే చేసుకుంటుంది. వాసన ఘుమఘుమలాడింది. కానీ ఎటు పోవాలో తెలియక ఫ్రిజ్‌ల మధ్య తిరుగుతూ ఉండిపోయింది.

"ఎవలకోసమో దానికెట్ల తెలుస్తది? నా చెయ్యి ఏడ పడ్డది?" అంది కృష్ణకుమారి. దాని ధర చూసి అప్పటికే చెమటలు పడుతున్న జానయ్య హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

మూడోది నల్లగా, చిన్నగా ఉంది. పొడి చేత్తో నింపి అదమాలి. లోపల చిన్న పంపు నీళ్లను తోస్తుంది. పాలు నురగకొట్టే గొట్టం పక్కనుంది. షోకేసులో పెట్టిన పీసు, ఒక పక్క గీత పడింది కాబట్టి ఐదు వేలకే ఇస్తానన్నాడు. దాని వాసన మెట్లు దిగి రోడ్డెక్కింది. అప్పుడే "జై తెలంగాణ" అంటూ ర్యాలీ పోతోంది. "తోవియ్యుండ్రి, వాసన పోతున్నది" అని జనం జరిగారు.

"కొత్తపేట మార్కెట్ వైపు పోతందండోయ్!" అని బాపిరాజు గుమ్మంలోంచి అరిచాడు.

డబ్బులిస్తూ జానయ్య ఊరుకోలేదు. "తెలంగాణ వస్తె నువ్వు పోతవా బాపిరాజన్నా?"

"నేను పోతే మీ మిషన్ రిపేరు ఎవడు చేస్తాడండీ?"

ఇంటికొచ్చాక మిషన్ ఆమెను ఏడిపించింది. మొదటిరోజు పొడి రవ్వంత ముతకగా పడి, నీళ్లు నల్లా విప్పినట్టు కారిపోయాయి. రెండోరోజు పిండిలా పట్టి గట్టిగా అదిమితే మూలిగిందే తప్ప చుక్క రాల్లేదు. మూడోరోజు కుదిరింది. జానయ్య స్కూటర్ మీద వెంటపడి, వాసన బాలాపూర్ తోవలో కర్మన్‌ఘాట్ దాటిందని చెప్పాడు. ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోయింది.

ఆదివారం ఇల్లంతా చుట్టాలు. పంతులు గడియారం చూస్తున్నాడు. పట్టుచీర కొంగు దోపుకుని కృష్ణకుమారి పొడి నింపింది, అక్కను తలుచుకుని అదిమింది. కాఫీ తేనెలా సన్నని ధారగా దిగింది. వాసన చుట్టాల మధ్య నుంచి తప్పుకుంటూ వరండా దాటి, గేటు దగ్గర ఆగిపోయింది. ఇంకొక్క అడుగు కదల్లేదు.

కృష్ణకుమారి నెత్తి కొట్టుకుంది.

"ముంచిండు బాపిరాజు! గేటు గూడ దాటలే! గా మెట్ల మీద కూలబడ్డదానికీ దీనికీ ఏం ఫరకున్నది?"

జ్యోతిక కిటికీలోంచి తొంగిచూసింది. "అమ్మా, ఆగలే. ఎవలదో చెయ్యి పట్టుకున్నది."

కృష్ణకుమారి ఉరికొచ్చి చూస్తే, గేటు బయట అండాలమ్మ ఉంది. బస్సుల్లేక ఆటోలో ఎల్బీనగర్ దాకా వచ్చి, అక్కణ్నుంచి నడిచింది. అరగంట నుంచి గోడ పక్కనే నిలబడి, గడియ తీయడానికి చెయ్యి రాక, చివరికి వెనక్కి తిరిగింది. సరిగ్గా అప్పుడు వాసన ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఇడువుమంటె ఇడుస్తలేదు," అంది అండాలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

కృష్ణకుమారి గేటు గడియ తీసింది. లోపలికి పరుగెత్తి, నురుగు మీద పొడి చల్లిన కప్పు తెచ్చి అక్క చేతిలో పెట్టింది. అండాలమ్మ కప్పు అందుకుంది కానీ నోటిదాకా తీసుకుపోలేదు.

"నువ్వు తాగినవానె?"

ఆ ఒక్క మాట కోసం కృష్ణకుమారి ఆరేళ్లు ఎదురుచూసింది. చుట్టాలందరి ముందూ చిన్నపిల్లలా ఏడ్చేసింది. "లేదక్కా," అంది.

"దా మరి, చెరి సగం తాగుదం."

పంతులు పిలవకముందే జ్యోతిక పోయి పీట మీద కూర్చుంది.